గాలి రంధ్రంలో సబ్బు

ఆ పడవ మోటారును నేను బాగు చేశానని మా చర్చిలో అందరూ అనుకునేవారు. నేనే అలా చెప్పాను. కోతల పండుగ ఆదివారం మైకు ముందు నిలబడి, ఎవరికీ దొరకని లోపాన్ని దేవుడు నాకు చూపించాడని సాక్ష్యం చెప్పాను. లోపం నాకు దొరికిన మాట నిజమే. దాన్ని పెట్టింది కూడా నేనే. ఆ రెండో మాట ఆ రోజు చెప్పలేదు. చెప్పడానికి మూడేళ్లు పట్టింది.

మాది పద్మారావు నగర్. తాతగారు రైల్వే ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది, పెరిగింది, పని నేర్చుకుంది అంతా సికింద్రాబాదులోనే. స్కూటర్లతో మొదలుపెట్టి, రాణీగంజ్‌లో నీటి పంపులు రిపేరు చేసి, చివరికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక పడవల షెడ్డులో కుదురుకున్నాను. పిల్లలకు తెరచాప పడవలు నేర్పే చిన్న సంస్థ అది. తిరుమలగిరిలో ఉండే ఒక రిటైర్డ్ ఆర్మీ ఆఫీసరు దాన్ని నడిపేవారు. మేం ఆయన్ని సార్ అనేవాళ్లం. తెరచాపకు మోటారు అక్కర్లేదు. కానీ గాలి ఒక్కసారిగా తిరిగి పిల్లల పడవ బోల్తా పడితే, పరుగెత్తి వెళ్లి వాళ్లను ఎక్కించుకోవడానికి ఒక రక్షణ పడవ ఉండాలి. దాని వెనక బిగించే మోటారు నా బాధ్యత. చాలా ఏళ్లు నేనొక్కణ్ణే చూసుకున్నాను.

తర్వాత అతను వచ్చాడు.

కాకినాడ వైపు మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. చేపల పడవల మోటార్ల మధ్యే పెరిగాడు. భార్యకు ఇక్కడ టీచరు ఉద్యోగం రావడంతో ఊరు మారాడు. ఆదివారం మా చర్చికే వచ్చేవాడు. పని వెతుక్కుంటున్నాడని తెలిసి సార్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఈ మాట ముందే చెబుతున్నాను. అతని మీద నాకు మొదటినుంచీ పగ ఉందని ఎవరూ అనుకోకూడదు. మొదటి రోజు పొద్దున దాకా లేదు.

ఆ పూట మోటారు దగ్గుతూ నడుస్తోంది. నేను పానాల పెట్టె తెరిచాను. అతను దాని వైపు చూడను కూడా లేదు. పడవ అడుగున పెట్రోలు ట్యాంకు ఉంటుంది, అక్కణ్ణుంచి మోటారుకు ఒక గొట్టం. ఆ గొట్టం మధ్యలో కోడిగుడ్డుకంటే కాస్త పెద్ద రబ్బరు బల్బు. మోటారు స్టార్ట్ చేసే ముందు దాన్ని నాలుగుసార్లు నొక్కి పెట్రోలు పైకి తెస్తాం. ఆ తర్వాత ఎవరూ దాన్ని పట్టించుకోరు. అతను మాత్రం మోటారు నడుస్తుండగా ఆ బల్బు చుట్టూ వేళ్లు చుట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఏంది తమ్మీ, నాడి చూస్తున్నవా?" అన్నాను.

"ఆయ్, అంతేనన్నయ్యా," అన్నాడు నవ్వుతూ. "మెత్తగా ఉండిపోతే ఎక్కడో గాలి పీలుస్తోందని. గట్టిగా ఉండి కూడా ఇంజన్ ఆగిపోతుంటే ముందు, ఇంజన్ వైపు ఎక్కడో అడ్డం పడిందని. లోపలికి చప్పబడిపోతే వెనక, ట్యాంకు వైపు నుంచి పెట్రోలు రావట్లేదని. చెయ్యి అబద్ధం చెప్పదన్నయ్యా."

గొట్టం చివర ఉండే రబ్బరు రింగు మార్చాడు. దగ్గు ఆగిపోయింది.

సార్ గట్టు మీద నిలబడి చూస్తున్నారు. "వాహ్! ఏం చెయ్యయ్యా నీది!" అన్నారు.

అన్నేళ్లలో నా చేతి గురించి సార్ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని చేయలేదేమో. కానీ ఆ క్షణం ఛాతీలో ఎక్కడో చిన్నగా పట్టేసినట్టయింది. తర్వాత అది తగ్గలేదు, రోజురోజుకీ పెరిగింది. సార్ ఏదన్నా అడగాలంటే నా వైపు తిరిగేవారు, తిరిగాక నన్ను దాటి అతని వైపు చూసేవారు. ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలిచాను. అతను ఎండు చేపలు తెచ్చాడు. మా ఆవిడ వంటగది చూపిస్తూ, స్టవ్ మంట పచ్చగా వస్తోందని చెప్పింది. అతను బర్నరు విప్పి, సూదితో రెండు రంధ్రాలు శుభ్రం చేసి పెట్టాడు. మంట నీలంగా లేచింది.

"ఇగో, ఆరు నెల్లసంది చెప్తున్న నీకు," అంది మా ఆవిడ. "తమ్ముడొచ్చి ఐదు నిమిషాల్ల చేసిండు. పెద్ద మెకానిక్కువు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చేపల కూర నాకు ఎక్కలేదు.

మర్నాడు షెడ్డులో ఎవరూ లేనప్పుడు మోటారు స్టార్ట్ చేసి, ఆ బల్బు చుట్టూ నా వేళ్లు చుట్టి కళ్లు మూసుకున్నాను. అతనికి తెలిసేది నాకూ తెలుస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. రబ్బరు తగిలింది. అంతే.

ఆ వారమే ఒక నియమం పెట్టాను. ట్యాంకు నా పని, ఇంజన్ నీ పని. ఒక వస్తువు మీద రెండు చేతులు పడితే గడబిడ అవుతుందని సార్‌కి చెప్పాను. అసలు కారణం వేరు. అతను ముట్టుకోని వస్తువు ఒకటైనా నాకు మిగలాలి. ముట్టుకుంటే దాన్ని కూడా నాకంటే బాగా చూసుకుంటాడు.

"అలాగే అన్నయ్యా," అన్నాడతను. ఆ తర్వాత ట్యాంకు మూత మీద వేలు కూడా పెట్టలేదు.

షెడ్డులో పెట్రోలు నిల్వ ఉంచకూడదు. అందుకని రోజూ పొద్దున ట్యాంకును స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని బంకు నుంచి తెచ్చేవాణ్ణి. ట్యాంకు మూత మీద ఒక చిన్న స్క్రూ, దాని కింద చీమంత రంధ్రం ఉంటాయి. పెట్రోలు బయటికి పోతున్న కొద్దీ లోపలికి గాలి రావాలి కదా, అందుకే ఆ రంధ్రం. తీసుకొచ్చేటప్పుడు స్క్రూ బిగించాలి, మోటారు నడిపేటప్పుడు వదులు చేయాలి. ఆ రోజుల్లో ఆ స్క్రూ వాషరు అరిగిపోయింది. ఎంత బిగించినా, స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ పెట్రోలు చిమ్మి ప్యాంటు తడిసేది. కొత్త వాషరు రాణీగంజ్‌లో దొరుకుతుంది. వెళ్లడానికి బద్ధకించాను.

స్కూటర్ల దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఒక విద్య తెలుసు. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లితే తడి బట్టల సబ్బు అక్కడ మెత్తి పెడతాం. పెట్రోలుకు సబ్బు కరగదు. ఇంటికి చేరేదాకా ఆగుతుంది. ఒక పొద్దున బంకు కుళాయి దగ్గర నీలం సబ్బు ముక్క కనిపించింది. స్క్రూ పూర్తిగా విప్పి, ఆ రంధ్రంలో బొటనవేలితో సబ్బు కుక్కి, పైన స్క్రూ పెట్టాను. షెడ్డుకు వెళ్లగానే పిన్నుతో తీసేద్దామనుకున్నాను.

వెళ్లేసరికి సార్, అతను బోర్లించిన పడవ మీద పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. సార్ ఏదో మాటకు తల వెనక్కి వేసి నవ్వుతున్నారు. అంతకాలంలో ఆ పడవ మీద కూర్చోమని నాతో ఎప్పుడూ అనలేదు. నేను సలాం పెట్టాను, ఆయన గమనించలేదు. ట్యాంకు తీసుకెళ్లి ధడాలున పడవలో పెట్టాను. గొట్టం తగిలించి, అలవాటుగా స్క్రూ వదులు చేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాను. సబ్బు ఉండిపోయింది.

పది నిమిషాలు నడిచి, చెరువు మధ్యలో మోటారు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక పిల్లల పడవ బోల్తా పడింది. ఇద్దరు పిల్లలు లైఫ్ జాకెట్లతో నీళ్లలో తేలుతున్నారు. రక్షణ పడవలో ఉన్నది అతను, సార్. అతను తెడ్లు అందుకుని పిచ్చిపట్టినట్టు వేసుకుంటూ వెళ్లి పిల్లల్ని ఎక్కించుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపు ఆగాక మోటారు మళ్లీ స్టార్టయి, కొంచెం నడిచి, మళ్లీ ఆగింది.

ఒడ్డుకు వచ్చాక అతని అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"బల్బు చప్పబడిపోయిందన్నయ్యా," అన్నాడు. "వెనక నుంచి రావట్లేదు. గాలి స్క్రూ తీశారా?"

"తీసిన. కండ్ల ముందరనే ఉంది, చూస్కో."

స్క్రూ వదులుగానే ఉంది. చూశాడు.

"ట్యాంకు లోపలి జాలి?"

"మొన్ననే కడిగిన. ట్యాంకు నా పని తమ్మీ. నా మీద నమ్మకం లేదా ఏంది?"

"అయ్యో, అదేం మాటన్నయ్యా!" అంటూ మూత మీదికి వెళ్లబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క తిప్పు తిప్పి మూత తెరిచి ఉంటే గాలి లోపలికి సర్రున పోయే చప్పుడు ఇద్దరికీ వినబడేది. పెద్దవాణ్ణి అవమానించినట్టవుతుందని అతను తెరవలేదు.

ఇంతవరకూ నాది మతిమరుపు. దానికి నన్ను నేను క్షమించుకోగలను.

గొట్టం మొత్తం మార్చాడు. షెడ్డులో నీళ్ల డ్రమ్ములో మోటారు దించి గంటసేపు నడిపాడు, ఏ ఇబ్బందీ లేదు. డ్రమ్ములో పరీక్షించేటప్పుడు పెద్ద ట్యాంకు వాడం, చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అందుకే అక్కడ బాగానే నడిచేది. రెండో రోజు చెరువులో మళ్లీ ఆగిపోయింది. పెట్రోలు పంపు విప్పి లోపలి రబ్బరు పొర మార్చాడు. డ్రమ్ములో మళ్లీ బాగానే నడిచింది.

ఆ సాయంత్రం నేను అన్నం తింటున్నాను. మా ఆవిడ ఉతకాల్సిన బట్టలు ఏరుతూ, "ఏంది, పని గిట్ల బంద్ చేసినవా?" అంది.

"ఎందుకు?"

"రెండు దినాలసంది నీ ప్యాంటుకు పెట్రోల్ వాసన లేదు."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ప్యాంటు తడవలేదు. స్క్రూ చిమ్మలేదు. సబ్బు!

చెయ్యి కడుక్కుని ఫోను తీశాను. అతని పేరు మీద వేలు పెట్టాను కూడా. చెప్పాల్సింది రెండు మాటలు. కానీ ఆ రోజు మధ్యాహ్నం పంపు విప్పిన బల్ల దగ్గర నిలబడి సార్ అతన్ని నమ్మకం లేనట్టు చూసిన చూపు గుర్తొచ్చింది. అన్నాళ్లూ సార్ నన్ను చూసింది ఆ చూపుతోనే. అది ఇంకొకరి మీద పడుతుంటే చూడటం నాకు బాగుంది. ఇంకొక్క రోజు, అనుకున్నాను. రేపు సాయంత్రం చెబుదాం. ఫోను పక్కన పెట్టేశాను.

మూడో రోజు అతను కార్బురేటరు విప్పాడు. పాత పేపరు పరిచి, ఒక్కొక్క భాగం వరసగా పెట్టి, సన్నని రంధ్రాల్లోకి రాగి తీగ పోగు దూర్చి, నోటితో ఊదాడు. మచ్చ కూడా దొరకలేదు. బిగించి చెరువులోకి వెళితే పదో నిమిషంలో ఆగింది.

"ఏందయ్యా ఇది!" అన్నారు సార్. "పిల్లల పాణాలతోని ఆటలా? చెయ్యి పెట్టి చెప్తనంటివి, ఏం చెప్తుంది నీ చెయ్యి?"

అతను కార్బురేటరు రెండోసారి విప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి ఒక్కొక్క పానా అందిస్తున్నాను. అంత దగ్గరగా ఉన్నాను. కాసేపయ్యాక తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"అన్నయ్యా, నా చెయ్యి వెనక నుంచేనంటోంది. కానీ ట్యాంకు మీరు చూశారు కదా. నా చెయ్యే తప్పు చెబుతోందేమో."

"అయ్యుండొచ్చు తమ్మీ," అన్నాను.

నేను చేసిన మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

నాలుగో రోజు పొద్దున అందరికంటే ముందు వెళ్లాను. వేడి నీళ్లు, పిన్నీసు పట్టుకెళ్లాను. సబ్బు ఎండి కందిబద్దంత ముక్కగా ఊడి వచ్చింది. చెరువులో పారేశాను. అతను, సార్ వచ్చాక, "నేను ఒకసారి చూస్త సార్," అన్నాను. కార్బురేటరు పక్కనుండే స్క్రూ ఒకటి పావు చుట్టు ముందుకు తిప్పి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పాను. అంటే ఏమీ చేయలేదు. బుద్ధుడి విగ్రహం చుట్టూ మూడు చుట్లు కొట్టి వచ్చాం. మోటారు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

సార్ నా వీపు మీద చరిచారు. షెడ్డు తాళంచెవి, మొత్తం బాధ్యత నాకు ఇచ్చారు. అతన్ని పొమ్మని ఎవరూ అనలేదు. రెండు వారాల తర్వాత, బొల్లారంలో ఒక ఫంక్షన్ హాల్లో జనరేటరు చూసుకునే పని దొరికిందని తనే వెళ్లిపోయాడు. ఆ నెలలోనే కోతల పండుగ వచ్చింది, నేను మైకు ముందు నిలబడ్డాను. అతను భార్యతో వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"వందనాలన్నయ్యా. దేవుడు మీ చేతిని దీవించాడు," అన్నాడు. ఎత్తిపొడుపు కోసం అతని ముఖమంతా వెతికాను. లేదు.

అతను వెళ్లిపోతే నాలోని అసూయ చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. షెడ్డులో ఏ మోటారు మొరాయించినా అతనైతే ఎక్కడ చెయ్యి పెట్టేవాడోనని ఆలోచించేవాణ్ణి. తాళంచెవి నా జేబులో ఉంది. ఆ చెయ్యి మాత్రం అతని దగ్గరే ఉంది.

ఉందనే అనుకున్నాను. ఈ వానాకాలంలో ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో కరెంటు పోయింది. చర్చి జనరేటరు నాలుగు నిమిషాలు నడిచి ఆగిపోయింది. పెద్దలు అతన్ని పిలిచారు. నేను కూడా వెనకే వెళ్లాను. అతను డీజిల్ గొట్టం దాకా చెయ్యి చాపి, తగలకముందే వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అన్నయ్యని చూడమనండి. నా చెయ్యి నమ్మదగింది కాదండి," అన్నాడు.

హాస్యానికి అన్నాడనుకుని అందరూ నవ్వారు. నేను ఆ చేతిని చూశాను. జేబులో దాచుకున్నాడు. గొట్టంలో గాలి చేరింది, బయటికి వదిలి నడిపించాను. ఎవరైనా చేయగల పని. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు బొల్లారం వెళ్లాను. ఫంక్షన్ హాలు వెనక జనరేటరు గదిలో ఉన్నాడు. మెడలో తాడుకు కరెంటు కొలిచే మీటరు ఒకటి వేలాడుతోంది. నిలబడే అంతా చెప్పాను. బంకు కుళాయి, సబ్బు, వాళ్లిద్దరూ పడవ మీద కూర్చుని తాగిన టీ, మా ఆవిడ ప్యాంటు గురించి అన్న మాట, పిన్నీసు.

"సబ్బు సంగతి మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు చివరికి.

"రెండో దినం సాయంత్రం."

ఆలోచించాడు. "అంటే నేను కార్బురేటరు విప్పింది రెండుసార్లూ మీకు తెలిశాకే."

"అవు."

"నా చెయ్యి తప్పు చెబుతోందేమోనని అడిగాను."

"అడిగినవ్."

"అయ్యుండొచ్చన్నారు."

"అన్న."

మీటరు తీసి కిటికీలో పెట్టాడు. "అప్పుడు మైకులో చెప్పారు కదండీ," అన్నాడు. "ఇదీ మైకులోనే చెప్పండి." గుడ్డ తీసుకుని పని చూసుకోసాగాడు. టీ తాగుతారా అని అడగలేదు. కోస్తా మనిషి, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి టీ అడగకపోవడం నేను అప్పుడే చూశాను. అన్నయ్యా అని కూడా ఒక్కసారైనా అనలేదు.

అటునుంచి అటే తిరుమలగిరి వెళ్లి సార్‌కి చెప్పాను.

"ఆ మనిషిని నేనెన్ని మాటలన్ననో నీకు యాదికుందా?"

"ఉంది సార్."

"నాకు లేదు. అదే తక్లీఫ్," అన్నారు. "తాళంచెవి ఆడ పెట్టిపో."

పెట్టి వచ్చాను.

సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటానంటే చర్చి పెద్దకు నచ్చలేదు. "గిదేంది బ్రదర్, ఇచ్చిన సాక్ష్యం వాపస్ తీసుకునుడు ఎక్కడన్న ఉందా?" అన్నాడు. మా పాస్టరు అయ్యగారు మాత్రం రెండు నిమిషాలు ఇచ్చారు. రాసుకొచ్చిన కాగితం చూస్తూ నేను మొదటినుంచీ చెప్పాను. గాలి రంధ్రం, స్క్రూ అంటే చాలామందికి అర్థం కాలేదు. ముందు వరసలో ఒక పెద్దమ్మ పక్కావిడను, "సబ్బు యాడ పెట్టిండంటా?" అని గట్టిగా అడిగింది. అందరూ నవ్వారు. అప్పుడు కాగితం మడిచి, ఒక్క మాట అన్నాను. "అతని చెయ్యి మొదటి దినమే నిజం చెప్పింది. అది తప్పని అతన్ని నమ్మించింది నేను." ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో అతను తల ఎత్తలేదు. అతని భార్య నన్ను సూటిగా చూసింది.

ఆరాధన అయ్యాక నన్ను ఎవరైనా తిడతారనుకున్నాను. నా దగ్గరికి ఎవరూ రాలేదు. అందరూ అతని చుట్టూ చేరారు. చేతులు కలిపారు, భుజం తట్టారు. ఆ పెద్దమ్మ అతని చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఎవరో "మన జనరేటర్ జెర చూడు బ్రదర్, మల్ల మల్ల ఆగుతుంది," అంటూ లాక్కెళ్లారు. అది కిందటి ఆదివారం నేను బాగు చేసిన జనరేటరు.

గుమ్మం దగ్గర నిలబడ్డాను. అతను గొట్టం చుట్టూ వేళ్లు చుట్టాడు. కొంచెంసేపు ఊరికే ఉన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

"ఫిల్టరు గిన్నె దగ్గర గాలి పీలుస్తోందండి," అన్నాడు. "లోపలికొచ్చిన గాలి వదిలారు గానీ, వచ్చే దారి మూయలేదు."

వదిలింది నేనే. ఛాతీలో పాత చోటే మళ్లీ పట్టేసింది. మూడేళ్లు మోసి, మైకులో చెప్పి, తాళంచెవి ఇచ్చేసి వచ్చినా, అది అక్కడే ఉంది. ఇదీ చెప్పకపోతే ఇప్పటిదాకా చెప్పిందంతా సగమే అవుతుంది.

అతను కళ్లు తెరవకుండా, కుడి చెయ్యి గొట్టం మీదే ఉంచి, ఎడమ చెయ్యి వెనక్కి చాపాడు.

"పన్నెండో నంబరు పానా ఇలా ఇవ్వండి."

వెనక ఉన్నది నేనని అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. పెట్టెలో వెతికి, పన్నెండో నంబరు తీసి, ఆ చేతిలో పెట్టాను.